బెల్టులో ఇరుక్కుపోనాడు

మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై అయింది. మల్కాపురంలో మా పాత కంపెనీ గేటుకి ఎదురుగా, గురువమ్మ టీ కొట్టు పక్కన కారు ఆపి, అప్పటికి ముప్పావుగంటగా లోపలే కూర్చుని ఉన్నాను. పక్క సీట్లో కవరులో బంతిపూల దండ ఉంది. దిగాలా, దండతో సహా ఇంటికి పోవాలా అని నాతో నేనే దెబ్బలాడుకుని, చివరికి దిగుదామని తేల్చుకుని సీటు బెల్టు బటన్ నొక్కాను. బటన్ లోపలికి పోయింది. బెల్టు మాత్రం రాలేదు.

మళ్ళీ నొక్కాను. బొటనవేలితో నొక్కాను, పిడికిలితో గుద్దాను, తాళం చెవి పెట్టి పొడిచాను. ఎర్ర బటన్ లోపలికి దిగబడి అక్కడే ఉండిపోయింది. పట్టీని పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. అది నాకంటే కోపిష్టిదిలా ఉంది, ఇంకాస్త బిగుసుకుంది. పోనీ కింద నుంచి జారి బయటపడదామంటే నా పొట్ట ఒప్పుకోలేదు.

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది. మా ఆవిడ ఈశ్వరికి పెళ్ళయిన మూడో రోజుకే తెలిసిపోయింది. అందుచేత ముందు కారుని తిట్టాను, తర్వాత కారు కొన్న మా అమ్మాయి నాగశ్రీని తిట్టాను. రుషికొండలో కంప్యూటర్ ఉద్యోగం దానిది. ఆరునెలల కిందట ఈ సెకండ్ హ్యాండ్ బండి కొంది. బెల్టు పెట్టుకుంటానంటేనే తాళం ఇస్తానంటుంది. బుద్ధిగా పెట్టుకున్నందుకు నాకు జరిగిన సన్మానం ఇది.

ఆ రోజు తవిటినాయుడి చివరి షిఫ్ట్. రెండు గంటలకి సైరన్ మోగగానే ముప్పై ఏడేళ్ళ సర్వీసు ముగించుకుని బయటికి వస్తాడు. డప్పులు కొట్టి, పూలు కట్టిన జీపు ఎక్కించి, కంచరపాలెంలో ఇంటిదాకా ఊరేగిస్తారు. మర్నాడు సామాను సర్దుకుని పాలకొండ దగ్గర సొంతూరికి వెళ్ళిపోతాడు. ఇరవై ఒక్క ఏళ్ళుగా నేను అతనితో మాట్లాడలేదు. అతన్ని అడగవలసిన ప్రశ్న ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఈ పూట అడక్కపోతే ఇంక అడగను. పాలకొండ దాకా వెతుక్కుంటూ వెళ్ళే రకాన్ని కాను, నా సంగతి నాకు తెలుసు.

నాయుడూ నేనూ ఒకే రోజు చేరాం, ఎనభై ఎనిమిదిలో. మాది గరివిడి పక్క పల్లె. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. మొదటి రోజు గేటు దగ్గర లైన్లో నిలబడి, "ఏ ఊరు బావా మీది?" అని అడిగాడు. అంతే, ఆ పూట నుంచి బావలమైపోయాం.

కొండల మీద నుంచి రైల్లో వచ్చే ఇనుప ఖనిజాన్ని మా యార్డులో దించి, రబ్బరు బెల్టుల మీద ఓడ దాకా పంపేవారు. అలాంటివి ఐదు బెల్టులు. మాది నాలుగో నంబరు. బెల్టు వెంబడి నడవడం, కింద రాలిన ఎర్రమట్టిని పారతో ఎత్తి మళ్ళీ పైన వెయ్యడం, కింద రోలర్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూడటం, ఇదే ఉద్యోగం. ఊళ్ళో వాళ్ళకి బెల్టంటే ప్యాంటుకి పెట్టుకునేదో, సందులో దొంగచాటుగా మందు అమ్మే బెల్టు షాపో గుర్తొస్తుంది. మల్కాపురంలో మాకు బెల్టంటే ఒక్కటే. "ఎక్కడున్నావు?" అంటే "బెల్టు మీదున్నాను" అనేవాళ్ళం. "ఏం తిన్నావు?" అన్నా దాదాపు అదే జవాబు, అన్నంలోకి కూడా ఆ మట్టి వచ్చేది.

ఆ ఎరుపు మామూలు ఎరుపు కాదు. చెవుల్లో, ముక్కులో, గోళ్ళ సందుల్లో ఎరుపే. మా ఇంట్లో తెల్లబట్ట అనేది ఉండేది కాదు. నేను స్నానం చేసిన నీళ్ళు చూసి మా అత్తగారు మొదటిసారి కెవ్వుమంది. నాయుడూ నేనూ కంచరపాలెంలో ఎదురెదురు వాటాల్లో ఉండేవాళ్ళం. ఇద్దరికీ కలిపి ఒకటే సైకిలు. దారిలో రైలు గేటు పడితే పండగే. వచ్చే గూడ్సుకి ఎన్ని వ్యాగన్లుంటాయో పందెం కట్టేవాళ్ళం. ఓడిపోయినవాడు కంపెనీ దాకా తొక్కాలి, గెలిచినవాడు వెనక కూర్చుని పాటలు పాడాలి. నాయుడి గొంతు గాడిద గొంతు. అయినా వాడు గెలవాలనే నాకుండేది, తొక్కుతుంటే వెనక నుంచి ఎవరో ఒకరు పాడుతుంటే దారి తెలిసేది కాదు. మధ్యాహ్నం ఇద్దరి క్యారియర్లూ కలిపి ఒక్క మూతలో పెట్టుకునేవాళ్ళం. మా ఇంటి నుంచి నెత్తళ్ళ చేపల ఇగురు, వాళ్ళింటి నుంచి చోడంబలి, అదే రాగి అంబలి. ఇప్పుడు నాగశ్రీ పెద్ద హోటళ్ళకి తీసుకెళ్తుంది. ఆ మూతలో తిన్న తిండి రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

బెల్టు పొడవునా నడుం ఎత్తున ఒక తాడు ఉంటుంది. ఏదైనా ప్రమాదం జరిగితే దాన్ని లాగాలి, బెల్టు ఆగిపోతుంది. కానీ ఓడ లోడింగులో ఉండగా తాడు లాగితే కారణం రాసివ్వాలి. కారణం నచ్చకపోతే మెమో ఇచ్చేవారు.

రెండువేల నాలుగు వేసవి. రోలర్ దగ్గర ఇరుక్కున్న రాయిని తీయబోయాను. తిరుగుతున్న రోలర్ దగ్గర చెయ్యి పెట్టడం నా తప్పే, ఆ మాట ఎక్కడైనా ఒప్పుకుంటాను. గ్లవ్‌ని పట్టేసింది. తాడు లాగమని అరిచాను. నాయుడు తాడుకి మూరెడు దూరంలో ఉన్నాడు. నా వైపే చూస్తున్నాడు. కానీ లాగలేదు. చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత లాగాడు. బెల్టు ఆగేసరికి నా కుడిచేతి చిటికెన వేలూ, ఉంగరం వేలూ లేవు.

ఎంక్వైరీలో నేను ఉన్నదున్నట్టు చెప్పాను. "చూస్తూ నిలబడ్డావంటున్నాడు, నిజమేనా?" అని అడిగారు నాయుణ్ణి. "నిజమేనండి" అన్నాడు. ఎందుకు నిలబడ్డావంటే నోరు విప్పలేదు. వాళ్ళు అడిగారు, యూనియన్ వాళ్ళు అడిగారు, నేను కట్టు కట్టిన చేతితో మీదికి వెళ్ళి అడిగాను. తల వంచుకున్నాడు తప్ప పలకలేదు. అతనికి రావలసిన చార్జిహ్యాండ్ ప్రమోషన్, అంటే మా బెల్టు మీద మేస్త్రీ పని, ఆపేశారు. నాకు టైమాఫీసులో కుర్చీ ఇచ్చారు. ఆ కిటికీలోంచి రోజూ నాయుణ్ణి చూడలేక రాజీనామా పడేసి, మధురవాడలో జిరాక్సు కొట్టు పెట్టుకున్నాను. నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ నాయుడు వచ్చి బయట బెంచీ మీద కూర్చునేవాడట. లోపలికి రానివ్వద్దని ఈశ్వరికి చెప్పింది నేనే.

ఇదంతా ఎందుకు తవ్వుకోవడం అని ఈశ్వరి పొద్దున్న కూడా అంది. అందుకే దండ కొన్నాను. పెద్దమనసు చేసుకుని, దండ వేసి, ఆ ఒక్క మాటా అడిగి, క్షమించేసి వచ్చేద్దామనుకున్నాను. క్షమించడానికి వచ్చినవాణ్ణి కారు దిగనివ్వకపోతే ఎలా ఉంటుందో చెప్పండి.

గురువమ్మ నన్ను గుర్తుపట్టింది. డెబ్బై దాటాయి, కంటి చూపు మాత్రం తగ్గలేదు.

"ఓలమ్మా, శ్రీరామ్మూర్తి బాబు కాదేటి! ఏటి బాబూ, ఇందాకట్నుంచి కారులోనే కూకున్నావు?"

"దిగడానికి అవ్వట్లేదు గురువమ్మా. బెల్టు పట్టీసింది."

వంగి చూసింది. తనూ ఒకసారి నొక్కింది. "ఉండు" అని వెళ్ళి, పకోడీలు వేసే మూకుడులోంచి గరిటెడు నూనె తెచ్చి బటన్ సందులో పోసింది. బటన్ కదల్లేదు. సగం నూనె నా ఇస్త్రీ చొక్కాకి పట్టింది. ఉల్లిపాయ వాసన కారంతా నిండింది. నేను పళ్ళు కొరుక్కుంటుంటే ఆవిడ కిటికీలోంచి టీ గ్లాసు అందించి నవ్వడం మొదలుపెట్టింది.

"ఏసవిలో మీరిద్దరూ గేటు దాటి వత్తే నాను నవ్వలేక సచ్చీదాన్ని బాబూ. ఎర్రగా, జాతర పరసలో ఏసగాళ్ళలాగ. నీకు సెక్కర ఎక్కువ, నాయుడు బాబుకి తక్కువ. ఒకటే గ్లాసులో పోయించుకుని సెరి సగం తాగీవోరు, ఇద్దరికీ నచ్చీది కాదు. మరెందుకు అలాగ తాగీవోరో."

నాకూ తెలియదు ఎందుకు తాగేవాళ్ళమో. గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

గణేష్‌కి ఫోన్ చేస్తే అయిపోయేది. గణేష్ మా తర్వాత చేరినవాడు, ఇప్పుడు యూనియన్ లీడరు, నోరు పెద్దది. రిటైరయ్యే మనిషి పాత స్నేహితులు చివరి గంటలో లోపలికి వెళ్ళి అతనితో పాటు బెల్టు వెంబడి ఒకసారి నడవడం మా దగ్గర ఆనవాయితీ. నిన్న సాయంత్రం గణేష్ ఫోన్ చేసి, "అన్నా, నీ పేరు గేటులో రాయించీసాను. తిన్నగా నాలుగో నంబరు కాడికి ఎల్లిపో" అన్నాడు. వస్తాననీ రాననీ చెప్పకుండా ఊరుకున్నాను. అలాంటిది ఇప్పుడు ఫోన్ చేసి, గేటుకి ఎదురుగానే ఉన్నానురా, సీటుకి కట్టేసి ఉన్నాను అని ఏ మొహంతో చెప్పను? ఇంకో పది నిమిషాలు బటన్‌తోనే కుస్తీ పట్టాను.

సైరన్ మోగింది.

గేటులోంచి ముందు డప్పులు వచ్చాయి, ఆ వెనక జనం, వాళ్ళ మధ్యలో నాయుడు. జుట్టు మొత్తం తెల్లబడిపోయింది. మనిషి సన్నబడ్డాడు. మెడనిండా దండలు. ఎవరో ఏదో అంటే నవ్వుతున్నాడు, ఆ నవ్వు మాత్రం మారలేదు. హారన్ కొట్టాను. అందరూ తిరిగి చూసి, ఎవడికో తొందరగా ఉందనుకుని దారి ఇచ్చారు. మళ్ళీ కొట్టాను. ఎవడో చెయ్యి విసిరి కసిరాడు. జీపు స్టార్టయింది. ఆ జీపు కదిలితే నా ప్రశ్న నా దగ్గరే ఉండిపోతుంది. సిగ్గు పక్కన పెట్టి గణేష్‌కి ఫోన్ చేశాను.

"గణేషూ, నాను బెల్టులో ఇరుక్కుపోనాన్రా. బేగి రా. నాయుణ్ణి ఎల్లనీకు."

"ఏటన్నా? ఇనపడ్డం లేదు. ఎక్కడున్నావు?"

"బెల్టులోరా! బెల్టులో ఇరుక్కుపోనాను, ఎంత లాగినా రావట్లేదు..."

ఫోన్ కట్టయింది. రోడ్డుకి అవతల గణేష్ ఫోన్‌ని చెవి దగ్గర్నుంచి తీసి, నోరంతా తెరిచి ఏదో అరిచాడు. డప్పులు ఠక్కున ఆగిపోయాయి. నాయుడు జీపు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉన్నాడు. ఆ కాలు దించి, వెనక్కి తిరిగి, గేటులోకి పరుగు తీశాడు. అతని వెనక గణేష్, గణేష్ వెనక అందరూ. క్షణంలో గేటు ముందు ఖాళీ జీపు మిగిలింది.

నాకేం అర్థం కాలేదు. నా దగ్గరికి రమ్మంటే లోపలికి పోతారేమిటి అనుకుని తిట్టుకుంటున్నాను. అంతలో చప్పుడు ఆగింది.

బెల్టు చప్పుడు ఒకటి ఉంటుంది. గంటసేపటిగా అది నా చెవిలో ఉంది, విన్నానని కూడా తెలియదు. ఆగినప్పుడు తెలిసింది. మామూలుగా ఆపితే ఒక రకంగా ఆగుతుంది. తాడు లాగితే మూలుగుతూ, గొంతు దిగిపోతూ ఆగుతుంది. పదహారేళ్ళు విన్న చెవులు ఇవి, పొరబడవు. ఎవరో తాడు లాగారు. ఎవరో మనిషి పడ్డాడు లోపల. నా లేని వేళ్ళు రెండూ నొప్పెట్టాయి. గణేష్‌కి ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. సీటు బెల్టుని రెండు చేతులా పట్టుకుని పిచ్చివాడిలా గుంజాను. దిగి పరుగెత్తాలి, ఏదైనా చెయ్యాలి, ఎవరికైనా చెప్పాలి. అది ఛాతీకి అడ్డంగా పడి నన్ను సీటుకేసి అదిమి పెట్టింది.

"గురువమ్మా! ఎవరు? ఎవరు పడ్డారో కనుక్కో!"

గురువమ్మ గేటు దాకా వెళ్ళి, సెక్యూరిటీ వాళ్ళతో మాట్లాడి, గుండెల మీద చెయ్యి వేసుకుని వెనక్కి వచ్చింది. దారిలోనే ఆగిపోయి నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవరో శ్రీరామ్మూర్తంట బాబూ."

ఆ మాట బుర్రకెక్కడానికి నాకు కాసేపు పట్టింది. ఎక్కాక నవ్వు రాలేదు, వాళ్ళు లోపల వెతుకుతున్నది నన్నే. గురువమ్మకి మాత్రం నాకంటే ముందే పని తెలిసిపోయింది. చీర ఎగ్గట్టుకుని గేటు వైపు పరుగెడుతూ, "ఒరే నాయుడు బాబూ! మీ శ్రీరామ్మూర్తి నా కొట్టు కాడ ఉన్నాడ్రా! కారు బెల్టురా, కారు బెల్టు!" అని మల్కాపురం అంతా వినబడేలా అరిచింది.

నాయుడు బయటికి వచ్చేసరికి పదినిమిషాలైంది. ఒక కాలికే చెప్పు ఉంది. దండల్లో పూలు లేవు, దారాలు మిగిలాయి. తల నుంచి పాదం దాకా ఎరుపు, కనుబొమల మీద కూడా ఎరుపే. రిటైర్మెంటుకి కుట్టించుకున్న తెల్లచొక్కా అని పట్టిపట్టి చూస్తే తప్ప తెలియదు. నాలుగో నంబరు బెల్టు కింద ఈ చివర నుంచి ఆ చివరకి పాక్కుంటూ నన్ను వెతికాడట. గణేష్ తర్వాత చెప్పాడు.

కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. నా మొహం చూశాడు, నా రెండు చేతులూ చూశాడు.

"ఏ బెల్టురా?" అన్నాడు.

నేను ఛాతీ మీద బెల్టు చూపించాను. "ఇదిరా."

దాన్ని చూశాడు. తర్వాత తల కారు తలుపుకి ఆనించుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. తల ఎత్తితే నవ్వు, ఆ ఎర్రటి మొహం మీద రెండు తడి చారలు.

"నీ దుంప తెగిపోనూ! పేనాలు పోనాయి కదరా!" అన్నాడు.

జనం పోగయ్యారు. నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు. గణేష్ నన్ను తిట్టాలో తనని తాను తిట్టుకోవాలో తేల్చుకోలేక డప్పులవాణ్ణి తిట్టాడు. ఇంతలో జయంత్ అనే కుర్ర షిఫ్ట్ ఆఫీసరు కాగితం పట్టుకుని వచ్చాడు. ఓడ లోడింగులో ఉంది, బెల్టు పదకొండు నిమిషాలు ఆగింది, కారణం రాసివ్వాలన్నాడు. నాయుడు ఆ కాగితాన్ని కారు బానెట్ మీద పెట్టి, "బెల్టులో మనిషి ఇరుక్కున్నాడు" అని రాసి సంతకం పెట్టాడు.

"ఏ నంబరు బెల్టో కూడా రాయాలండి" అన్నాడు జయంత్.

"సీటు బెల్టని రాసుకో బాబూ. మెమో ఇద్దామంటే ఇంక నాను మీ మనిషిని కాను. రెండు దాటిపోనాది."

యార్డులో పెద్ద బెల్టులు కోసే కత్తి తెస్తానన్నాడు గణేష్. బండి కొని ఆరునెలలే అయింది, కోశావంటే ఊరుకోనని నేను గట్టిగా అరిచాను. "బెల్టు రాకపోతే ఏటన్నా, బండి నడుత్తాది కదా" అన్నాడు వాడు. నిజమే. గంటసేపు ఆ ముక్క నాకు తోచనే లేదు. నాయుడు జీపు వైపు ఒకసారి చూసి, ఇటు చుట్టూ తిరిగి వచ్చి, నా పక్క తలుపు తీశాడు.

"మీరు ముందెల్లండి. నాను బావతో వత్తాను."

ఆ పిలుపు విని ఇరవై ఒక్క ఏళ్ళయింది. తాళం తిప్పాను. నాయుడు సీట్లో ఉన్న కవరు ఒళ్ళో పెట్టుకుని తెరిచాడు.

"నువ్వు తెచ్చిందేనా?"

"ఆఁ."

"ఏటి, నానే ఎట్టుకోవాలా?" అని, తనే తీసి మెళ్ళో వేసుకున్నాడు.

జీపు ముందు, డప్పులు ముందు, మేం వెనక. కాన్వెంట్ జంక్షన్ వైపు లారీల మధ్య మెల్లగా పోతున్నాం. సీటు పాడైపోతోందని నాయుడు అంచునే కూర్చున్నాడు. సరిగ్గా కూర్చోమని నేను విసుక్కున్నాను. పాత రైలు గేటు ఉన్న చోటు వచ్చింది. అక్కడిప్పుడు వంతెన. కింద గూడ్సు పోతోంది, అదే ఎర్రమట్టి. నాయుడి పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. ఇంక ఆగలేక అడిగేశాను.

"ఆ దినం ఎందుకు నిలబడిపోనావురా?"

లెక్క ఆపాడు. "సెప్తే కోపమొత్తాది నీకు."

"వత్తే వత్తాది. సెప్పు."

"కుక్కపిల్ల గురుతుందా?"

ముందు గుర్తు రాలేదు. తర్వాత ఒక్కసారిగా మొత్తం వచ్చి మీద పడింది. నా వేళ్ళు పోవడానికి పదిహేను రోజుల ముందు ఒక కుక్కపిల్ల మట్టితో పాటు నాలుగో బెల్టు మీదికి ఎక్కేసింది. నాయుడు తాడు లాగి దాన్ని దించాడు. కారణం గడిలో కుక్కపిల్ల అని రాశాడు, మెమో అందుకున్నాడు. యార్డంతా నవ్వింది. అందరూ ఒక్కరోజు నవ్వి ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు. నాయుడు తాడు పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా, చచ్చిపోతున్నవాడిలా గొంతు పెట్టి "తాడు లాగరా నాయుడూ!" అని అరిచేవాణ్ణి. పాపం ఉలిక్కిపడి తాడు మీదికి ఉరికేవాడు. నన్ను చూసి ఆగిపోయేవాడు. నేను కడుపు పట్టుకుని నవ్వేవాణ్ణి. రోజూ. రోజుకి రెండుసార్లు, మూడుసార్లు.

"ఆ దినం నువ్వు అదే కేక ఏసావు బావా" అన్నాడు నాయుడు. రోడ్డు వైపే చూస్తున్నాడు. "అదే గొంతు. ఏలాకోలం ఆడతన్నావనుకున్నాను. రెండు సెకండ్లు. నీ మొగం సూసాక లాగీసాను."

కారు పక్కకి తీసి ఆపేశాను. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. నాకు కోపం వచ్చింది. అబద్ధం ఎందుకు, ముందు నాయుడి మీదే వచ్చింది. నా ప్రాణానికీ నీ మెమోకీ ముడిపెడతావా అని దిగిపోబోయాను. ఎప్పుడూ చేసే పని అదే. తలుపు విసిరికొట్టడం, వెళ్ళిపోవడం. చెయ్యి బటన్ మీదికి పోయింది. నొక్కాను. రాలేదు. కూర్చోవలసి వచ్చింది. కూర్చున్నకొద్దీ ఆ కేకే నా చెవిలో పడుతోంది, నా గొంతుతోనే. ఇరవై ఒక్క ఏళ్ళలో ఈ ముక్క నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. వేళ్ళు గుర్తున్నాయి, నొప్పి గుర్తుంది, నాయుడు నిలబడటం గుర్తుంది. నేను నవ్విన నవ్వు గుర్తు లేదు.

"ఎంక్వైరీలో ఎందుకు సెప్పలేదురా?"

"సెప్తే ఏటి రాద్దురు? పనికాడ ఆటలాడి సెయ్యి పోగొట్టుకున్నాడని రాద్దురు. టైమాఫీసు కుర్సీ కూడా రాకపోను నీకు. మీ నాగశ్రీ గుంట అప్పుడే బళ్ళో సేరింది."

"నాకైనా సెప్పొచ్చు కదరా."

"నీకెలాగ సెప్తాను? సెయ్యికి కట్టెట్టుకుని ఎదురుగా నిలబడితివి."

"నీ ప్రమోషన్ పోయింది."

"పోనాది" అన్నాడు.

నేను ఏడ్చాను. పట్టపగలు, నడిరోడ్డు మీద, చొక్కానిండా పకోడీ నూనెతో, అరవై రెండేళ్ళ మనిషిని బిగ్గరగా ఏడ్చాను. క్షమించేద్దామని దండ కొనుక్కుని వచ్చాను చూడండి, అది తలుచుకుంటే ఇంకా ఏడుపొచ్చింది. "తప్పు నాదిరా బావా" అన్నాను. నాయుడి కాళ్ళ మీద పడాలనిపించింది, బెల్టు వంగనివ్వలేదు. మూడువేళ్ళ చెయ్యి ఒకటి చాపగలిగాను. దాన్ని తన రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు తెగిన చోట బొటనవేలితో నిమిరాడు. కట్టు విప్పాక ఆ చెయ్యి అతనికి అందించడం అదే మొదలు. దాని నిండా ఎర్రమట్టి అంటింది.

డప్పులు చాలా దూరం వెళ్ళిపోయాయి. కళ్ళు తుడుచుకున్నాక ఒక సంగతి తట్టింది నాకు.

"మరి ఇందాక గణేష్‌గాడు అరిసినప్పుడో? ఏలాకోలమనుకోలేదా?"

"అనుకున్నాను" అన్నాడు నాయుడు. "ఎల్లిపోతన్నాను కదా, సివరాకరికి ఓసారి ఆడుకుంటన్నారనుకున్నాను."

"మరి?"

"ఆడుకుంటే ఆడుకోనీ అని లాగీసాను."